రెండు మత్తుల కలయిక

నానక్‌రామ్‌గూడలో నేడు రెండు ఊళ్లు ప్రక్కప్రక్కనే యున్నవి. ఒకటి అద్దపు మేడలది. రెండవది పాత గ్రామస్థులును, మేడలు కట్ట వచ్చిన కూలీలును వసించు ఇరుకు సందులది. మేడలో పనిచేయు యువకుడు వారాంతమున మద్యము పుచ్చుకొని, నిద్రకై అల్‌ప్రాజొలామ్ మాత్ర మ్రింగవచ్చును. హైదరాబాదు కల్తీ కల్లులో పలుమారు పట్టుబడినదియు ఆ మందే. జీతములు వేరు, పాత్రలు వేరు. శరీరములో జరుగునది ఒక్కటే.

మద్యమును, అల్‌ప్రాజొలామును మెదడులో గాబా యను రసాయనపు ప్రభావమును హెచ్చించి నాడులను మందగింపజేయును. విడివిడిగా ఓర్చుకొనదగిన మోతాదులే కలిసినపుడు శ్వాసను ఆపివేయగలవు. కొకైనుతో మద్యము చేరినచో కాలేయములో కొకాఎథిలీన్ అను క్రొత్త పదార్థము పుట్టి గుండెకు చేటు తెచ్చును. ఒకటికి ఒకటి చేరిన రెండగునను లెక్క యిచట చెల్లదు.

2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు ముమ్మరమయ్యెను. ఉద్దేశము మంచిదే. కాని అలవాటుపడిన శరీరములకు మందు హఠాత్తుగా అందకపోవుటచే నిజామాబాదు, మహబూబ్‌నగరు జిల్లాలలో వందలాది జనులు వణుకుతో, మూర్ఛలతో, మతిభ్రమతో ఆసుపత్రుల పాలైరి. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీ కల్లు పలువురి ప్రాణములు తీసెను. ఒకమారు దొరకక, ఒకమారు దొరికి, రెండు విధములను నష్టపోయినది పేదలే.

కావున ఎవరు దేనితో దేనిని కలుపుచున్నారో, ఏల కలుపుచున్నారో శ్రద్ధగా విచారింపవలసి యున్నది. 2019లో వెలువడిన జాతీయ సర్వే దేశమున మద్యపానము చేయువారు సుమారు 16 కోట్లని తెల్పినది. గంజాయికి, నల్లమందు జాతికి, నిద్రమందులకు వేరువేరు లెక్కలు చూపినది. ప్రాణము తీయునది తరచు వీని కలయికయే.

ఇట్టి పరిశోధన మత్తునకు మర్యాద కల్పించునని కొందరి శంక. విషమునకు విరుగుడు వెదకు వైద్యుడు విషమును మెచ్చుకొన్నట్లు కాదు. నిజము చెప్పినవానికి బేడీలు పడునన్న భయమున్నంతకాలము ఎవడును నిజము చెప్పడు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టమే, స్వల్ప పరిమాణముతో పట్టుబడిన వ్యసనపరుడు తానై చికిత్సకు వచ్చినచో 64ఎ సెక్షను క్రింద రక్షణ నిచ్చుచున్నది. పరిశోధకులును, వైద్యులును ఆ ఔదార్యమునే అనుసరింపవలెను.

పాఠశాలలో మత్తు వలదను బోధ నిలువవలసినదే. దాని సరసన మరి మూడు మాటలు చేరవలెను. మద్యముతో నిద్రమాత్ర కలుపరాదు. అలవాటుపడినవాడు వైద్యుని సలహా లేక ఒక్కసారిగా మానరాదు. స్పృహ తప్పిన మిత్రుని వదలి పారిపోక, ప్రక్కకు తిప్పి పరుండబెట్టి 108కి ఫోను చేయవలెను. వ్యసనము విడువగోరువారికి 14446 అను జాతీయ సహాయ సంఖ్య కలదు. ఈ మూడు మాటలు నేర్చిన విద్యార్థి యొకనాడు ఒక ప్రాణము నిలుపగలడు.