జంట కవులు సరే, జంట రచయిత్రులేరీ?

తెలుగు సాహిత్య చరిత్ర పరీక్ష కోసం చదువుకున్న వాళ్లెవరినైనా జంట కవుల పేర్లు చెప్పమనండి. నంది మల్లయ, ఘంట సింగయల దగ్గర మొదలుపెట్టి తిరుపతి వేంకట కవులు, వేంకట పార్వతీశ్వర కవులు, కొప్పరపు సోదర కవులు, పింగళి కాటూరి కవులు అని గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు. రెండు మార్కుల ప్రశ్న అది. ఇప్పుడు జంట రచయిత్రుల పేర్లు అడగండి. తడుముకుంటారు. ఆ సాహిత్యంలోనే డాక్టరేట్ చేసిన నేనూ తడుముకుంటాను. అసలు 'జంట కవయిత్రులు' అనే మాటే మన నోట్లో తిరగదు.

గట్టిగా వెతికితే బీనాదేవి దొరుకుతారు. భాగవతుల నరసింగరావు, బాల త్రిపురసుందరి దంపతులు కలిసి పెట్టుకున్న పేరది. ఆయన పోయాక కూడా ఆమె ఆ పేరుతోనే రాశారు. ఈ పేరు క్లాసులో ఎత్తిన ప్రతిసారీ నాకు ఎదురయ్యే మొదటి ప్రశ్న, "ఇంతకీ అసలు రాసేది ఎవరు మేడమ్?" తిరుపతి వేంకట కవుల గురించి ఇంత ఆరాటంగా ఎవరూ అడగరు. 1920లో తిరుపతిశాస్త్రి పోయారు. తర్వాత ముప్ఫై ఏళ్లు బతికిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి తన రచనల్ని కూడా ఇద్దరి పేరు మీదే వెలువరించారు. దాన్ని మనం గొప్ప స్నేహంగా చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. అక్కడ ఎవరెంత రాశారన్నది పండితుల చర్చ. ఇక్కడ మాత్రం అది అనుమానం!

ఇంకో సంగతి కూడా ఎవరూ అడగరు. ఆ ఇద్దరూ అవధానాలు చేస్తూ గద్వాల, ఆత్మకూరు, వనపర్తి సంస్థానాల దాకా తిరిగి సన్మానాలు పొందుతుంటే వెనక ఇళ్లు నడిపింది ఎవరు? ఇద్దరు మగవాళ్లు కలిసి రాయాలంటే ఇద్దరు ఆడవాళ్లు కలిసి వండాలి. వాళ్ల పేర్లు రెండు మార్కుల ప్రశ్నలో రావు.

ఇదంతా ఎందుకు ఎత్తుకున్నానంటే, పన్నెండేళ్లుగా నా బుర్రలో ఒక నవల ఉంది. దాన్ని నేను ఒక్కదాన్నే రాయను. 'రాయలేను' అనడం లేదు, గమనించండి. నాలుగు వందల పేజీల థీసిస్ రాసినదాన్ని, నవల కూడా రాసేయగలను. రాయకూడదని నా వాదన.

మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. అప్పట్లో గుంటూరు జిల్లా, 2022 నుంచి పల్నాడు జిల్లా. నాగార్జునసాగర్ కుడికాలువ కింద ఊరు. సాగర్‌కి 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకి నీళ్లు వదిలారు. ఈ రెండు పేర్లూ మా ఊళ్లో చదువురాని ముసలమ్మలకి కూడా తెలుసు. ఆ పన్నెండేళ్ల మధ్య ఆ రాతి ఆనకట్టని యంత్రాలకన్నా ఎక్కువగా మనుషుల చేతులే లేపాయి. రాళ్లూ సిమెంటూ నెత్తి మీద పెట్టుకుని పైకి మోసినవాళ్లలో వేలాదిమంది ఆడవాళ్లున్నారు. వాళ్లలో ఒక్కరి పేరు కూడా మా ఊళ్లో ఎవరికీ తెలీదు. కుడికాలువ ఆయకట్టు పదకొండు లక్షల ఎకరాల పైచిలుకు. ఒక్క పేరు లేదు!

మోసినవాళ్లలో చాలామంది పాలమూరు నుంచి వచ్చారు. కరువు తరిమితే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని గుంపులుగా బయల్దేరేవాళ్లు. ఎక్కడ ఆనకట్ట కడుతుంటే అక్కడ ఉండేవాళ్లు కాబట్టి 'పాలమూరు లేబర్' అనే పేరే స్థిరపడిపోయింది. కృష్ణానది తెలంగాణలో అడుగుపెట్టేది ఆ పాలమూరు నేల మీదే. అక్కడి పొలాలు ఎండుతూనే ఉన్నాయి, వాళ్లు మోసిన రాళ్ల మీంచి నీళ్లు మా పొలాల్లోకి వచ్చాయి. జొన్న పోయి వరి వచ్చింది, డాబాలు లేచాయి. ఎకరం ధరతో పాటు కట్నం ధర కూడా ఎలా పెరిగిందో మా అమ్మమ్మ ఏ పెళ్లికి ఎంతో లెక్క కట్టి చెప్పేది.

నా నవల ఈ రెండు కొసల మధ్య నడుస్తుంది. తట్ట మోసిన మనిషి ఒక కొసన, ఆ నీళ్లతో కొన్న బంగారంతో పెళ్లిపీటల మీద కూర్చున్న మనిషి ఇంకో కొసన. రెండో కొస నాకు క్షుణ్ణంగా తెలుసు. మొదటి కొస తెలిసిన మనిషి నాతో కలిసి రాయాలి. నేను వెతుకుతున్నది ఆవిడ కోసం.

ఈ మాట సాహిత్య మిత్రుల ముందు పెట్టినప్పుడు వచ్చిన సలహాలు వినండి. "మెటీరియల్ కలెక్ట్ చేసుకో, ఇంటర్వ్యూలు చెయ్యి, నవల నువ్వే రాయి" అన్నారొక పెద్దాయన. "నీకు కావలసింది డైలాగులకి తెలంగాణ మాండలికం దిద్దిపెట్టే మనిషి, అంతే కదా" అన్నారు ఇంకొకరు. ఒక కవిగారు తానే కలిసి రాస్తానన్నారు. "నిర్మాణం, తాత్విక చట్రం నేను చూసుకుంటాను, ఫీలింగ్స్ నువ్వు రాయి" అని పని విభజన కూడా చేసేశారు. ఆయనతో నాకు పేచీ లేదు, నవ్వుకుని వదిలేశాను. మాండలికం దిద్దించుకోమన్న సలహా మాత్రం అలా వదిలేసేది కాదు. ఒక మనిషి భాషంటే క్రియాపదాల చివర్లు మార్చడమా? దేని గురించి మాట్లాడతారు, దేని దగ్గర నోరు మూసుకుంటారు, దేనికి నవ్వుతారు, అదంతా కదా భాష? నా బుర్రలో పుట్టిన వాక్యానికి ఆమె నోటి యాస తొడిగితే అది వేషం అవుతుంది. యాస కోసం ఇంకో మనిషిని కూలికి పెట్టుకోవడం, పేరు చివర కృతజ్ఞతల పేజీలో పడెయ్యడం! మేస్త్రీ పద్ధతికీ దీనికీ తేడా ఏమిటో నాకు బోధపడదు.

బయటివాళ్లని అనడం సులువు, మన సంగతి చూసుకుందాం. కలిసి పనిచెయ్యడం స్త్రీవాదులకి కొత్త కాదు. స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీల మాటలు అందులో ఐలమ్మ పేరుతో ఐలమ్మవి, స్వరాజ్యం పేరుతో స్వరాజ్యంవి. మహిళావరణం (2001) ముగ్గురు కలిసి చేసిన పుస్తకం. నీలిమేఘాలు (1993) నుంచి దళిత స్త్రీల నల్లపొద్దు (2003) దాకా ఎన్ని సంకలనాలు! మరాఠీలో అంబేద్కర్ ఉద్యమంలోని స్త్రీల చరిత్రని ఊర్మిళా పవార్, మీనాక్షీ మూన్ 1989లో కలిసి రాశారు. ఉత్తరప్రదేశ్ సీతాపూర్ జిల్లాలో ఏడుగురు గ్రామీణ కార్యకర్తలు తమ డైరీలు ఒకరికొకరు చదివి వినిపించుకుని, పోట్లాడుకుని, ఏడ్చుకుని, రిచా నాగర్‌తో కలిసి 2004లో 'సంగతిన్ యాత్ర' రాశారు. ఆ పుస్తకం వచ్చాక కొందరు రచయిత్రులకి తాము పనిచేసే సంస్థ నుంచే ఎదురుదెబ్బ తగిలింది. కలిసి రాయడం అంత ప్రమాదకరమైన పని మరి.

గమనించారా, ఇవన్నీ నిజాలు. చరిత్ర కలిసి రాశాం, ఆరోగ్యం గురించి కలిసి రాశాం, సంకలనాలు కలిసి వేశాం. కథ దగ్గరికి వచ్చేసరికి ఎవరి తలుపు వాళ్లు వేసుకుంటాం. వర్జీనియా వుల్ఫ్ 1929లో స్త్రీకి తనదైన గది కావాలంది. న్యాయమైన కోరికే, ఇప్పటికీ మనలో చాలామందికి దొరకలేదు. దొరికినవాళ్లం మాత్రం ఆ గడియనే కళ అనుకుంటున్నాం. ఊహ అనేది ఒంటరి మనిషి సొంత ఆస్తి అని ఏ అలంకారశాస్త్రం చెప్పింది? దంపుళ్ల పాట, నాట్ల పాట ఏ ఒక్కరు కట్టారు?

ఆ గడియ వెనక ఉన్న భయం నాకు అర్థమవుతుంది. ఆడవాళ్లకి అచ్చులో సొంత పేరు తేలిగ్గా రాలేదు. 1960లు, 70లలో రచయిత్రుల నవలలకి ఉన్న గిరాకీ చూసి మగవాళ్లే ఆడపేర్లు పెట్టుకుని రాశారు. అలా సంపాదించుకున్న పేరు పక్కన ఇంకో పేరు రాయమంటే మనసొప్పదు. "రెండు పేర్లుంటే అవార్డులకి పంపడం ఇబ్బంది" అని నా స్నేహితురాలొకామె అంది, మంచి ఉద్దేశంతోనే. (సరదాగా ఒక లెక్క: యూజీసీ 2018 నిబంధనల్లో ఇద్దరు కలిసి రాసిన ప్రచురణకి చెరొకరికీ 70 శాతం మార్కులు. అంటే మొత్తం 140. ఒకటీ ఒకటీ కలిస్తే రెండుకి తక్కువైనా ఒకటికన్నా ఎక్కువని ఆ గుమాస్తా లెక్కకి కూడా తెలుసు.)

కానీ మన పేరు కాపాడుకునే ఈ పనిలో ఎవరి పేరు పోతోంది? చరిత్ర పుస్తకంలో చెప్పిన మనిషి పేరు ఉంటుంది, ఉండకపోతే నమ్మరు కాబట్టి. తమిళ దళిత స్త్రీ వీరమ్మ జీవితకథ 1995లో ఫ్రెంచిలో వచ్చినప్పుడు, రాసిపెట్టిన ఇద్దరితో పాటు ఆమె పేరు కూడా రచయితగా ఉంది. అదే జీవితం నవలలోకి వస్తే? "వ్యక్తుల గోప్యత కోసం పేర్లు మార్చాం" అంటాం. ఆమె గోప్యత కాపాడి ఆమె కథ తీసుకుంటాం. ఎవరి బతుకునైనా పూర్తిగా సొంతం చేసుకోవడానికి కల్పనని మించిన మార్గం లేదు. మారింది ఆమె పేరు, అట్ట మీద పడింది నా పేరు!

చట్టం కూడా ఇక్కడ చెప్పినవాళ్ల వైపు లేదు. రాసినవాళ్ల వ్యక్తీకరణకి హక్కు ఉంటుంది, చెప్పినవాళ్ల బతుకుకి ఉండదు. అయితే 1957 కాపీరైటు చట్టంలోనే ఉమ్మడి రచనకి నిర్వచనం ఉంది. ఒకరి భాగం ఇంకొకరి భాగం నుంచి విడిగా తీసి చూపించలేనట్టుగా కలిసి చేసిన పని అని. హక్కు ఇద్దరిలో ఆఖరున పోయినవాళ్ల తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. విడదీసి చూపించలేనట్టు! నాకు కావలసింది సరిగ్గా అదే. సరి అధ్యాయాలు నావి, బేసి అధ్యాయాలు ఆమెవి అనే పంపకం కాదు. ఇద్దరికీ ప్రతి వాక్యాన్నీ కొట్టేసే హక్కు ఉండాలి.

ఈ వాదనకి గట్టి జవాబు ఒకటుంది, దళిత బహుజన రచయిత్రుల నుంచి వచ్చింది. "ఆమె కథ ఆమే రాసుకుంటుంది, మధ్యలో నువ్వెందుకు?" అని. న్యాయమైన ప్రశ్న. ఆమె ఒక్కతే రాసుకుంటానంటే నేను పక్కకి తప్పుకోవాలి, సందేహమే లేదు. కానీ నీళ్లు ఎటు పోయాయో, ఎవరింట బంగారమయ్యాయో, ఆ తట్టల సంగతి మా ఊరు ఎంత శ్రద్ధగా మర్చిపోయిందో చెప్పే బాధ్యత ఎవరిది? మా మరుపు గురించి కూడా ఆమే రాయాలా? ఆ చాకిరీ కూడా ఆమె మీదేనా?

రెండేళ్లుగా అడుగుతూ వచ్చాను. చాలామంది ఉత్సాహపడి ఆగిపోయారు. టైం లేక. ఇద్దరు ఆడవాళ్లకి ఒకేసారి గంట ఖాళీ దొరకడం గ్రహణం కన్నా అరుదు. కిందటేడు పాలమూరు నుంచి ఒకామె ముందుకొచ్చింది. వాళ్ల అవ్వ సాగర్‌లో రాళ్లు మోసింది. ఈమె టీచరు, కథలు రాస్తుంది, నాకన్నా ఆరేళ్లు చిన్నది. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత ఒకరికొకరం ఫోన్లో మాటలు రికార్డు చేసి పంపుకుంటాం. కుక్కరు కూతలేని రికార్డింగు ఒక్కటీ లేదు.

మొదటి రోజే అడిగింది, "పైసలొస్తే సగం సగమేనా అక్కా? ముందుగాల ఎవరి పేరు?" సగం సగమే. పేరు ముందు ఆమెదే. కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టుకున్నాం.

తర్వాత నా మొదటి అధ్యాయం పంపాను. తట్ట దించుకుని రాళ్ల గుట్ట చాటున ఏడ్చే మనిషితో మొదలవుతుంది. ఆమె జవాబు ఇది: "మా అవ్వ ఏడ్వలేదక్కా. లెక్క చెప్పేది. దినానికి ఎన్ని తట్టలు, తట్టకు ఎంత, మేస్త్రీ ఎంత కోసుకున్నడు, సచ్చేదాంక అన్నీ యాదికుండె. ఏడ్సుడు కాదు, లెక్క రాయాలె." పన్నెండేళ్లు ఒక్కదాన్నీ కూర్చున్నా ఆ లెక్కల పుస్తకం నా ఊహకి అందేది కాదు. మా అమ్మమ్మ కట్నాల లెక్కకి ఎదురుగా ఆ అవ్వ తట్టల లెక్క! ఇప్పుడు నవలకి వెన్నెముక అదే. అది ఆమెదా నాదా అంటే విడదీసి చూపించలేను.

అన్నింటికీ తలూపుతున్నానని అనుకోకండి. కాలనీలో ఉండే ఇంజనీరు భార్య పాత్ర ఒకటుంది. దాన్ని తీసెయ్యమని ఆమె పట్టుబడుతోంది. "గా అమ్మ కిటికీల నుంచి చూస్తనే ఉంటది, చూసి ఏం జేస్తది?" అంటుంది. చూసీ ఏమీ చెయ్యకపోవడమే ఆ పాత్ర అని నేనంటాను. మూడు వారాలుగా ఇదే గొడవ. వచ్చే రెండో శనివారం వాళ్ల ఊళ్లో కూర్చుని తేల్చుకోవాలి. ఆ రోజు వంట ఎవరు చెయ్యాలన్నది మాత్రం ముందే తేలింది. వాళ్లాయన.