కుక్క చావుకీ వీరమరణానికీ మధ్య

కుక్క చచ్చిపోతే చెప్పడానికి తెలుగులో రెండే మాటలున్నట్టు ఉంది. ఒకటి ‘కుక్క చావు’. దీన్ని కుక్కకి వాడం, దిక్కూ దివాణం లేకుండా పోయిన మనిషిని తిట్టడానికి వాడతాం. రెండోది ఈ మధ్య టీవీల్లో, ఫేస్‌బుక్‌లో వినిపిస్తున్నది: ‘వీరమరణం’. బలగాల్లో పనిచేసే కుక్క పోతే వాడతారు. ఒక కుక్క తన పని తాను చేసుకుంటూ, ఎవరో ఒక మనిషి పక్కన కొన్నేళ్ళు బతికి, ఇప్పుడు లేదు అని చెప్పే మామూలు మాట ఈ రెంటి మధ్యా కనిపించదు. మాట లేదంటే ఆ ఆలోచన కూడా మనకి అలవాటు లేదన్నమాట. నా గొడవ దాని గురించే.

2025 ఏప్రిల్ 27న కర్రెగుట్టల్లో రోలో చనిపోయింది. రెండేళ్ళ ఆడకుక్క, బెల్జియన్ మాలినోయ్ జాతి, సీఆర్‌పీఎఫ్‌లో మందుపాతరల వాసన పట్టే పని. గాలింపు జరుగుతుండగా తేనెటీగలు గుంపుగా మీద పడ్డాయి. దాన్ని చూసుకునే జవాన్లు పాలిథిన్ పట్టా కప్పారు. నొప్పికి ఆగలేక అది పట్టా కిందనుంచి బయటికొచ్చేసింది. దాదాపు 200 కాట్లు. చికిత్సకి తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. తర్వాత సీఆర్‌పీఎఫ్ డైరెక్టర్ జనరల్ పేరు మీద ప్రశంసా పతకం ఇచ్చారు.

కర్రెగుట్టలు ఎక్కడో ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నాయనుకునే హైదరాబాద్ మిత్రులకి ఒక మాట. భద్రాచలం నుంచి గోదావరి ఎగువకి దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం, వాజేడు దారిలో పోతుంటే ఎడమ పక్క ఏరు, కుడి పక్క కొండలు. ఆ కొండల వరసే. 2016 అక్టోబరు దాకా వెంకటాపురం, వాజేడు ఖమ్మం జిల్లా మండలాలే. కాబట్టి రోలో చచ్చిపోయింది మా ఇంటి పెరట్లో అన్నా పెద్ద అతిశయోక్తి కాదు.

ఆ వారం రోలో గురించి నాకు రెండు రకాల మాటలు వినిపించాయి. మొదటి రకం: దేశం కోసం ప్రాణమిచ్చింది, సెల్యూట్, జెండా బొమ్మ, కొవ్వొత్తి బొమ్మ. రెండో రకం: అడవిలో మనుషులు రాలిపోతుంటే కుక్క కోసం ఏడుపేంటి? ఈ రెండోది ఎక్కువగా మనలాంటి చదువుకున్నవాళ్ళు, కథలూ కవిత్వాలూ రాసేవాళ్ళు అన్నమాట. రెండూ తప్పే అంటాను. రెంటి లోపలా ఉన్నది ఒకటే లోపం. ఎవరూ కుక్క వైపు చూడలేదు.

మొదటిదాని సంగతి చూద్దాం. ప్రాణం ‘ఇవ్వడం’ అంటే ఇవ్వనని అనే వీలు కూడా ఉండాలి. రోలోకి దేశం తెలీదు, సరిహద్దు తెలీదు, మావోయిస్టు అంటే తెలీదు. మందుపాతర వెతికే కుక్కకి శిక్షణ ఎలా ఇస్తారో తెలిస్తే ఈ మాట ఇంకా బాగా అర్థమవుతుంది. ఫలానా వాసన దొరికితే తవ్వకూడదు, మొరగకూడదు, కదలకుండా కూర్చోవాలి. కూర్చుంటే బంతి ఇస్తారు, ఆడిస్తారు, మెచ్చుకుంటారు. నెలల తరబడి ఇదే. కుక్క వైపు నుంచి చూస్తే మందుపాతర అంటే బంతి దొరికే చోటు. తను ప్రేమించే మనిషితో ఆట మొదలయ్యే చోటు. ఆ ఆటని మనం యుద్ధం అన్నాం, ఆ చావుకి వీరత్వం అని పేరు పెట్టాం. పేరు పెట్టగానే ప్రశ్నలు ఆగిపోయాయి. ఏప్రిల్ నెలాఖరు ఎండలో, కొండ తేనెపట్లు నిండుగా ఉండే రోజుల్లో ఆ గుట్టల మీదికి కుక్కల్ని ఎక్కించేముందు తేనె తీసే ఊళ్ళవాళ్ళని ఎవరైనా ఒక మాట అడిగారా? తేనెటీగలు పడితే కుక్కకి చేయాల్సిన వైద్యం ఏంటని ముందే అనుకున్నారా? నేను ఎవర్నీ దోషి అనట్లేదు. ఆ జవాన్లు చేయగలిగింది చేశారు. కానీ ‘వీరమరణం’ అన్నాక ఇలాంటి ప్రశ్న అడగడమే అమర్యాద అయిపోయింది. పతకం చేసిన పని అది.

ఇక రెండోది. ఆ గాలింపు ఏప్రిల్ 21 నుంచి మే 11 దాకా 21 రోజులు సాగింది. 31 మంది మావోయిస్టులు చనిపోయారని అధికారులు ప్రకటించారు. బలగాల్లోనూ చాలామంది గాయపడ్డారు. వాళ్ళందర్నీ వదిలేసి రోలో ఫొటో ఒక్కటే తిప్పినవాళ్ళ మీద కోపం న్యాయమే. కుక్క ముఖం చూపించి మనుషుల శవాల్ని దాచడం పాత విద్య. కానీ ఆ కోపం కుక్క మీదికి ఎందుకు మళ్ళాలి? దుఃఖం రేషన్ సరుకు కాదు, ఒకరికి పోస్తే ఇంకొకరికి తగ్గడానికి. ‘కుక్కే కదా’ అని నోరు జారినవాడు రేపు ‘కూలోడే కదా’, ‘కోయోడే కదా’ అనడానికి ఎంత దూరంలో ఉన్నాడో కొంచెం కొలుచుకోవాలి. 2024 జూన్‌లో వాజేడు మండలం అడవిలో మందుపాతర పేలి ఊరి మనిషి ఒకాయన చనిపోయాడు. ఆయన పేరు మనలో ఎందరికి గుర్తుంది? రోలో కోసం ఏడవొద్దన్నవాళ్ళు ఆయన కోసం ఏడ్చిన దాఖలా నాకైతే కనపడలేదు.

రోలో మాలినోయ్. మన పోలీసు దళాల్లో మాలినోయ్‌ల కంటే ఎంతో ముందునుంచీ బాంబుల పని చేసినవి లాబ్రడార్ రిట్రీవర్లు. ఔను, అపార్ట్‌మెంట్ లిఫ్టులో మీకు ఎదురయ్యే ఆ లాబ్రడారే. ‘777 చార్లీ’ చూసి మీరు కళ్ళు తుడుచుకున్న జాతే. రిట్రీవర్ అంటే తెచ్చి ఇచ్చేది. న్యూఫౌండ్‌లాండ్ జాలర్ల దగ్గర, గడ్డకట్టే నీళ్ళలో దిగి వలలూ చేపలూ లాగిన కుక్కల సంతతి. వాటిని ఇంగ్లండ్ జమీందార్లు తీసుకుపోయి, తుపాకీతో కొట్టిన పక్షిని పంటిగాటు పడకుండా తెచ్చిచ్చేలా తయారుచేసుకున్నారు. 1903లో అక్కడి కెన్నెల్ క్లబ్ దాన్ని జాతిగా గుర్తించింది. ఆ చన్నీళ్ళ కోసం పుట్టిన రెండు పొరల బొచ్చుతో ఆ కుక్క ఇప్పుడు భద్రాచలంలో పని చేస్తుంది. శ్రీరామనవమి కల్యాణానికి ముందు మిథిలా స్టేడియం అంతా వాసన చూస్తుంది. ఒడిశా వైపు నుంచి గంజాయి వచ్చే దారి కాబట్టి తనిఖీల్లో బస్సుల డిక్కీల్లోకి తల పెడుతుంది. మే నెలలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పడమే దాని ఫ్యాను. రొప్పుతున్నంతసేపూ ముక్కుతో సరిగ్గా వాసన పట్టలేదు. అంటే ఒళ్ళు చల్లబరుచుకోవడమా, పని చేయడమా అన్న రెంటిలో అది ప్రతి నిమిషం ఒకటి వదులుకుంటుంది. ఈ సంగతి ఏ నివాళి పోస్టులోనైనా చదివారా?

పోయిన రిట్రీవర్లలో మన దేశానికి బాగా తెలిసినది జంజీర్. 1993 ముంబై పేలుళ్ళప్పుడు 3,329 కిలోల ఆర్డీఎక్స్ పట్టించిన లాబ్రడార్. 2000 నవంబరు 16న క్యాన్సర్‌తో పోయింది. పోలీసు లాంఛనాలతో సాగనంపారు. ఆ ఫొటో ఇప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. బావుంది. మరి అదే కాలంలో, పని చేయలేని స్థితికి వచ్చిన సైనిక కుక్కల్ని ఏం చేసేవాళ్ళు? మందిచ్చి చంపేసేవాళ్ళు. 2015లో సమాచార హక్కు కింద ఈ సంగతి బయటికొచ్చి గొడవయ్యాకే ఆ పద్ధతి మారింది. ఒక కుక్కకి పూలదండ, మిగతావాటికి సూది. ఆ ఒక్క ఫొటో చూసుకుంటూ సూదుల సంగతి మర్చిపోవడాన్నే మనం ‘స్మరణ’ అంటున్నాం.

ఇంకో రకం పనికుక్కలున్నాయి. వాటికి ఫొటో కూడా లేదు. చర్ల, దుమ్ముగూడెం వైపు కోయ గూడేల్లో ఇప్పపువ్వు రోజుల్లో తెల్లారకముందే ఆడవాళ్ళు అడవికి బయల్దేరతారు. ఇప్పపువ్వంటే ఎలుగుబంటికీ ఇష్టమే. అందుకే ముందు కుక్క నడుస్తుంది. పోడు చేలో రాత్రిపూట పంది దిగితే మొదట లేచేదీ అదే. వేటలో వెనకటి తరాలు దాని ముక్కు మీదే బతికాయి. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక ఆ పని నేరమైంది. చట్టం అక్కర్లేదని నేననను. అడవిలో జంతువులు మిగలాలి. కానీ ఒకే ముక్కు, ఒకే విద్య. ఒక కుక్క చేస్తే పతకం, ఇంకో కుక్క చేస్తే యజమాని మీద కేసు. తేడా కుక్కలో లేదు, తాడు ఎవరి చేతిలో ఉందన్నదాంట్లో ఉంది. కర్రెగుట్టల్లో బాంబులు పెట్టాం, ఎవరూ రావొద్దు అని 2025 ఏప్రిల్‌లో మావోయిస్టులు ఉత్తరం విడుదల చేశారు. మనుషులు చదువుకున్నారు. మేకలూ ఆవులూ కుక్కలూ చదవలేదు. వాటికి ఎవరు చెప్పారు?

మనది కుక్కని గౌరవించే సంస్కృతి అని, ధర్మరాజు కుక్క కోసం స్వర్గం వద్దన్నాడని మీరు అనొచ్చు. ఆ కథతో నాకు పేచీ ఉంది. స్వర్గం గుమ్మం దగ్గర ఆయన నిలబడిపోయినంతవరకూ గొప్ప కథ. ఆ తర్వాత అది కుక్క కాదు, యమధర్మరాజు అని తేలుస్తారు. ఉత్త కుక్క కోసం నిలబడ్డాడంటే మనకి తృప్తి లేదు, లోపలినుంచి దేవుడు దిగాలి. ఇప్పుడు దేవుడి బదులు వీరుడు దిగుతున్నాడు, అంతే తేడా.

అంతకంటే మంచి కథ మన దగ్గరే ఉంది. నన్నయ భారతం మొదట్లోనే ఉంది. జనమేజయుడు యాగం చేస్తుంటే సరమ కొడుకు సారమేయుడు ఆడుకుంటూ అక్కడికి వెళ్తాడు. రాజు తమ్ముళ్ళు కొడతారు. కుక్కపిల్ల ఏడుస్తూ తల్లి దగ్గరికి పోతుంది. సరమ నేరుగా రాజు దగ్గరికి వచ్చి, ఏ తప్పూ చేయనివాణ్ణి ఎందుకు కొట్టారని నిలదీస్తుంది. మంచీ చెడూ చూడకుండా బలహీనుల్ని కొట్టేవాళ్ళకి అనుకోని ఆపదలొస్తాయని చెప్పి వెళ్ళిపోతుంది. రాజు వణికిపోతాడు. ఈ సరమ ఎవరు? వేదంలో ఇంద్రుడి ఆవులు పోతే జాడ తీసిన దేవశుని. అంటే పనికుక్క. తెలుగు భారతం గుమ్మంలో నిలబడి న్యాయం అడిగిన తల్లి ఒక పనికుక్క. భద్రాద్రి రాముడి దగ్గరికి రండి. ఉత్తరకాండలో కలిపిన సర్గల్లో తల పగిలిన కుక్క ఒకటి రాముడి వాకిట్లోకి వచ్చి ఫిర్యాదు చేస్తుంది. రాముడు విని, కొట్టినవాణ్ణి పిలిపించి, శిక్ష ఏంటో కుక్కనే అడుగుతాడు. ఈ రెండు కథల్లోనూ కుక్క దండ అడగలేదు. పతకం అడగలేదు. నన్నెందుకు కొట్టారు అని అడిగింది. విన్నవాడు రాజు, జవాబు చెప్పాల్సినవాడూ రాజే.

మనం పోయిన కుక్కల్ని తలుచుకునే తీరు ఇలా ఉండాలంటాను. సెల్యూట్ తర్వాత, ముందు లెక్క. ఏ కుక్క, ఎన్నేళ్ళు, ఎన్ని గంటల పని, ఎండకి పోయిందా, పేలి పోయిందా, జబ్బుతో పోయిందా, పని మానేశాక ఎవరి ఇంట్లో ఉంది. 2019లో కేంద్ర హోం శాఖ పోలీసు కుక్కల కోసం ప్రత్యేకంగా ఒక విభాగమే పెట్టింది. ఈ లెక్క ఏటా జనం ముందు పెట్టడం దానికి కష్టం కాదు. ‘కుక్కలకి ఇంత అవసరమా’ అంటారా? కుక్కని పనిలో పెట్టడం అవసరమైతే ఇదీ అవసరమే. పని చేయించుకున్నవాడికే లెక్క చెప్పే బాధ్యత. గూడెంలో పోయిన కుక్కకైతే ఆ లెక్క చెప్పేవాళ్ళు కూడా లేరు. అక్కడ మనమే వెళ్ళి అడిగి రాసుకోవాలి.

రాసేవాళ్ళకి ఇంకో పని కూడా ఉంది. జంజీర్ అనగానే మనకి కిలోల లెక్క గుర్తొస్తుంది. రోలో అనగానే కాట్ల లెక్క. అది రోజూ పొద్దున ఎవరి అడుగుల చప్పుడుకి లేచేది, చెవి వెనక ఎక్కడ గోకితే కళ్ళు మూసుకునేది, పని లేని రోజు ఏం చేసేది, ఇవన్నీ తెలిసిన మనిషి ఒకడు ఏదో బ్యారక్‌లో ఉంటాడు. కుక్క పోయాక అతనికి బహుశా ఇంకో తాడు చేతికిచ్చి ఉంటారు. ‘వీరుడు’ అని రాయడానికి అతన్ని కలవక్కర్లేదు. కుక్క గురించి రాయాలంటే మాత్రం కలవాలి. పోయి, పక్కన కూర్చుని, అది ఎలా ఉండేదన్నా అని అడగాలి.