కుందేలు మేత మానేసిన పూట

మన పశ్చిమ ప్రకాశంలో జీవాల జబ్బు కనిపెట్టడం ఒకరు నేర్పే విద్య కాదు. అర్ధవీడు, రాచర్ల, కొమరోలు వైపు మేకల వెంట తిరిగే పదేళ్ల పిల్లాడు కూడా మంద ఇంటికొచ్చే వేళ వెనకబడినదాన్ని చూసి ‘దీనికి ఒంట్లో బాలేదు’ అనేస్తాడు. నెమరు వేస్తోందా, చెవులు వాల్చిందా, పారుతోందా, డొక్క ఎగిసిందా అని చూస్తాడు, సగం వైద్యం అక్కడే అయిపోతుంది. అదే ఇంటి వసారాలో, ఇనప వల గూట్లో ఉన్న కుందేలు నిన్నటి నుంచి మేత ముట్టకపోతే మాత్రం ‘ఎండకు డీలా పడిందిలే, రేపటికి సర్దుకుంటుంది’ అంటారు. చాలాసార్లు రేపటికి అది ఉండదు.

పెంచేవాళ్లకు ప్రేమ లేక కాదు. మేకకు బాధొస్తే అరుస్తుంది, కుందేలు నోరెత్తదు. నక్కకూ డేగకూ ఎరయ్యే జాతి అది. నలతగా ఉన్నట్టు బయటపడితే ముందు దాన్నే ఎత్తుకుపోతాయి. అందుకే కడుపులో ఎంత నొప్పి ఉన్నా ఓ మూల ఒదిగి, కళ్లు సగం మూసి, ముడుచుకుని కూర్చుంటుంది. చూసేవాళ్లకేమో ముద్దొస్తుంది. పళ్లు పటపట కొరుకుతోందంటే నొప్పికి తాళలేకపోతోందని తెలియక ఫోటో తీసుకుంటారు.

కుందేలును బొమ్మల లెక్కలోంచి తీసి జీవాల లెక్కలో వేసుకోమనే నేను చెప్పేది. మనకు వచ్చిన విద్యే చాలావరకు పనికొస్తుంది.

పెంటికల దగ్గర మొదలుపెడదాం. ఒంట్లో బాగున్న కుందేలు పెంటికలు గుండ్రంగా, పొడిగా, విరిస్తే లోపల గడ్డి పీచు కనబడేలా ఉంటాయి. రోజుకు వంద పైనే వేస్తుంది. పొద్దున గూడు చిమ్మేటప్పుడు అవి బాగా తగ్గినా, చిన్నవైపోయినా, వెంట్రుకకు గుచ్చినట్టు వరసగా వచ్చినా పేగు నడక మందగించిందని లెక్క. ఒక పూట మేత మాని, పెంటిక కూడా వేయలేదంటే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. పేగు ఆగితే గాలి చేరుతుంది, నొప్పికి ఇంకా తినదు, తినకపోతే పేగు మరీ ఆగుతుంది. కుందేలుకు వాంతి రాదు కనుక లోపలికి పోయింది కిందికే పోవాలి. నొప్పి మందు, సెలైన్, అడ్డు ఏమీ లేదని తేలాక పేగు కదిలించే మందు, ఇవీ డాక్టరు ఇచ్చేవి. మేకకు పట్టినట్టు గొట్టంతో నూనె పడితే ఊపిరితిత్తుల్లోకి పోయి ఉన్న ప్రాణం కాస్తా పోతుంది. డొక్క బిగుసుకుని ఉంటే నోట్లో ఏదీ పోయనే వద్దు.

అన్నట్టు, తెల్లవారుజామున కుందేలు వంగి, తాను వేసిన మెత్తటి పెంటికల్ని తానే తింటుంటే ఛీ అని అదిలించకండి. దానికి నెమరు లేదు. పెద్దపేగు మొదట్లో ఉన్న సంచిలో గడ్డిని పులియబెట్టుకుని, ఆ సారాన్ని అలా రెండోసారి నోటికి తెచ్చుకుంటుంది. ఆ మెత్తటివి గూట్లో మిగిలిపోతున్నా, వెనక బొచ్చుకు అంటుకుంటున్నా బిస్కెట్లూ అన్నమూ ఎక్కువ పెడుతున్నారేమో చూసుకోవాలి.

దాని తిండిలో ఐదింట నాలుగు వంతులు గడ్డే ఉండాలి. క్యారెట్ ఎప్పుడో ఓ ముక్క. గుండ్లకమ్మ ఒడ్డున, కంభం చెరువు కింద గట్ల మీద గరికకు కరువా? మందు కొట్టిన చేని గట్టు మాత్రం వద్దు. లేత జొన్న పిలకల విషం, అదే నాము, భయం తెలిసిన ఊళ్లు కాబట్టి వాటి సంగతి చెప్పక్కర్లేదు. గడ్డి కడుపుకే కాదు, పళ్లకూ కావాలి. కుందేలు పళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి, ముందు పళ్లయితే వారానికి రెండు మూడు మిల్లీమీటర్లు. వాటిని అరగదీసేది గడ్డే. గడ్డం కింద ఎప్పుడూ తడిగా ఉన్నా, మేత నోట పెట్టుకుని వదిలేస్తున్నా పళ్లు చూపించాలి. ఇంట్లో నెయిల్ కట్టర్‌తో కత్తిరిస్తే పన్ను నిలువునా చీలుతుంది.

అసలు గండం ఎండాకాలం. కుందేలుకు చెమట పట్టదు, కుక్కకు మల్లే ఒగర్చి చల్లబడటమూ అంతగా రాదు. ఒంట్లో వేడి బయటికి పోయేది ముఖ్యంగా ఆ పొడుగు చెవుల్లోంచే. 30 డిగ్రీలు దాటితేనే దానికి కష్టం, మనకేమో మే నెలలో 45 చూడటం కొత్త కాదు. ‘ఫ్యాను పెట్టామండీ’ అంటారు. చెమటే లేని ప్రాణికి ఉత్త ఫ్యాను గాలితో ఒరిగేది తక్కువ. తడి గోనెపట్టా కట్టి దాని మీదుగా గాలి రానిస్తే పని చేస్తుంది. మార్కాపురం వాళ్లకైతే పలక రాయి ఉండనే ఉంది. బడి పలకలకు కాలం చెల్లినా గోడలకూ నేలకూ ఆ రాయి పోతూనే ఉంది, విరిగిన ముక్కలకు కొదవ లేదు. ఓ ముక్క తెచ్చి, అంచులు నూరి, కడిగి, రాత్రంతా నీళ్ల కుండ పక్కన తడిలో ఉంచి పొద్దున్నే గూట్లో వేయండి. కుందేలు దాని మీద పొట్ట ఆనించి, వెనక కాళ్లు బార్లా చాపుకుని పడుకుంటుంది. మిగతా సగం గూట్లో గోనెపట్టానో ఎండుగడ్డో పరవాలి; ఉత్త ఇనప వల మీదే ఉంచితే వెనక పాదాలు పుండ్లు పడతాయి. ముక్కు చుట్టూ తడితో, నోరు తెరిచి ఎగశ్వాస పడుతోందా, అది వడదెబ్బ. నీడకు తెచ్చి చెవులకు మామూలు నీళ్లు అద్దుతూ ఆసుపత్రికి బయల్దేరాలి. ఐసు నీళ్లలో ముంచకూడదు.

గజ్జి మనకు తెలిసిందే. చెవిలో పొరలు పొరలుగా పక్కు, ముక్కు కొసనా గోళ్ల దగ్గరా తెల్లటి పొట్టు కనబడతాయి. పక్కు పీకొద్దు, కింద పచ్చి పుండు ఉంటుంది. డాక్టరు బరువు చూసి ఐవర్‌మెక్టిన్ సూది వేసి, పది పదిహేను రోజులకు మళ్లీ వేస్తే పక్కు దానంతటదే రాలుతుంది. ఆ ఖర్చెందుకని కుక్క పిడుదుల మందు కొడతారు. అందులో ఫిప్రోనిల్ ఉంటే గజ్జి సంగతి అటుంచి కుందేలే పోవచ్చు. తుమ్ముతోందని మెడికల్ షాపు నుంచి పిల్లల అమాక్సిసిలిన్ సిరప్ తెచ్చి పట్టేవాళ్లున్నారు. అది పేగుల్లో గడ్డిని పులియబెట్టే సూక్ష్మజీవుల్ని చంపేస్తుంది. కుందేలు పారుకుని పారుకుని చనిపోతుంది. నెలా రెండు నెలల పిల్లలు పొట్ట ఉబ్బి పారుకుంటున్నాయంటే తరచుగా కాక్సిడియా. నట్టల మందుకు అది లొంగదు, వేరే మందుంది. మూత్రం ఎర్రగా వచ్చిందని మాత్రం హడలిపోకండి, కొన్ని ఆకులు తిన్నా ఆ రంగు వస్తుంది. రెండు మూడు రోజులైనా పోకపోతే, ముఖ్యంగా వయసు మళ్లిన ఆడదైతే, గర్భసంచిలో గడ్డలేమో చూడాలి.

చేలో దొరికిన చెవులపిల్లి కూనను తెచ్చి వీటితో కలిపి పెంచేవాళ్లకు ఒక మాట. అది వేరే జంతువు, 1972 వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నది. తల్లి పాలివ్వడానికి చీకటి పడ్డాకే వస్తుంది కనుక పగలు ఒంటరిగా కనబడిందని దిక్కులేనిదనుకోకూడదు.

మన పశువుల ఆసుపత్రులు గేదెలకూ గొర్రెలకూ అలవాటుపడ్డవి. కుందేలును బల్ల మీద పెడితే ‘దీనికేముందయ్యా’ అని నవ్వే డాక్టరూ ఉంటాడు. నవ్వినా పట్టుబట్టి చూపించుకోండి. 1962కు ఫోన్ చేస్తే వచ్చే సంచార వైద్య వాహనాలు 2022లో మొదలయ్యాయి. ముఖ్యంగా పాడి పశువుల కోసమే అయినా సలహా అడగడానికి మొహమాటమెందుకు? ఇంకా పెద్ద ఆసుపత్రి కావాలంటే గిద్దలూరు వాళ్లకు నంద్యాల, మార్కాపురం వాళ్లకు ఒంగోలు ఉన్నాయి. బయల్దేరే ముందు కిరాణా కొట్టు కాటా మీద కుందేలును తూకం వేయించండి. కిలోన్నర ప్రాణికి గొర్రె మోతాదు పడితే ప్రమాదం. పొద్దుటి పెంటికలు నాలుగు కాగితంలో పొట్లం కట్టుకుని, ఆఖరిసారి ఎప్పుడు తిందో గుర్తుపెట్టుకుని వెళ్లండి.