శీలం పీరియడ్‌లో రాదు

2014 మే 25న ఎవరెస్టు శిఖరం చేరేనాటికి సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణకు 14 ఏళ్లు నిండలేదు. ఆమెతోపాటు ఎక్కిన ఆనంద్‌కుమార్ కూడా అలాంటి గురుకుల విద్యార్థే. వారి శిక్షణ భువనగిరి గుట్టపై మొదలైంది. తోటివారి ప్రాణం కట్టిన తాడు చేతిలో ఉన్నప్పుడు ఏమరుపాటు కుదరదు. ఆ జాగ్రత్త, ఆ నమ్మకం వారానికో నీతిబోధ పీరియడ్‌తో అబ్బేవి కావు. బాధ్యత భుజాన పడితేనే వస్తాయి.

అందరూ ఎవరెస్టు ఎక్కలేరు కదా అనవచ్చు. ఎక్కనక్కర్లేదు. గ్రంథాలయం బీరువా తాళాలు, మధ్యాహ్న భోజనం వడ్డన, వార్షికోత్సవం జమాఖర్చులు హైస్కూలు పిల్లలకు అప్పగించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. అయితే బాధ్యత అంటే చాకిరీ కాదు. గదులు ఊడ్పించి దాన్నే నాయకత్వం అనడం అన్యాయం. పనితోపాటు నిర్ణయించే హక్కూ ఇవ్వాలి, తప్పు చేస్తే దిద్దుకోనివ్వాలి. పదో తరగతి మార్కులు తగ్గుతాయన్న తల్లిదండ్రుల భయాన్ని తీసిపారేయలేం. కానీ ఈ పనులకు రోజుకు అరగంట చాలు. గడువులోగా పని ముగించే అలవాటు చదువుకూ పనికొస్తుంది. విద్యార్థులకు ఇలాంటి బాధ్యత నేర్పే ఎన్‌సీసీ 1948లో పుట్టినా నేటికీ అన్ని బడులకూ చేరలేదు. అది వచ్చేదాకా ఆగొద్దు. తనిఖీకి వెళ్లే విద్యాధికారులు మార్కుల జాబితాతోపాటు, ఏ బాధ్యత ఏ విద్యార్థి చేతిలో ఉందో కూడా అడగాలి.