హోటలు లెక్కలు: చెల్లిన బిల్లు, చెల్లవలసిన బిల్లు

లెక్క లేని వ్యాపారము గట్టు లేని చెరువు వంటిది. కొల్లేటి ప్రాంతమువారికి ఈ మాటను విప్పి చెప్పనక్కరలేదు. గండి యెక్కడ పడినదో తెలియకముందే చేప పోవును; పోయిన పిమ్మట కావలివానిని దండించిన ప్రయోజనము లేదు. మన హోటళ్ల లెక్కలలో నేడు జరుగుచున్నది ఇదియే.

ఏలూరు, తాడేపల్లిగూడెము, కైకలూరులలో అనేక హోటళ్లకు బిల్లులు కొట్టు యంత్రములు వచ్చినవి. రాత్రి తలుపులు మూయువేళ యంత్రము ఆనాటి అమ్మకముల పట్టికను ఇచ్చును. యజమాని అందులోని మొత్తము చూచును, గల్లాపెట్టెలోని రొక్కము చూచును. రెండును కలిసినచో సుఖముగా నిద్రించును. కలియనిచో సర్వరును పిలుచును. ఆ మొత్తములో సొమ్ము చెల్లిన బిల్లులు మాత్రమే చేరినవా, చెల్లవలసినవి కూడ చేరినవా యని ప్రశ్నించువారు అరుదు. యంత్రము వచ్చినది కాని లెక్క రాలేదని మా యభిప్రాయము.

విషయము క్లిష్టమైనది కాదు. సర్వరు బల్లయొద్ద ఆర్డరు వ్రాసి యంత్రమున ఎక్కించినంతనే బిల్లు పుట్టును. సొమ్ము అందినదని గల్లాయందు నమోదు చేసినప్పుడు అది చెల్లును. ఈ నడుమ నున్నదానిని హోటలువారు పెండింగు బిల్లు అందురు. కొన్ని యంత్రములు బిల్లు పుట్టిన గడియనే అమ్మకముగా లెక్కించును. కొన్ని సొమ్ము చెల్లినప్పుడే లెక్కించును. జాతీయరహదారిని ఆనుకొనియున్న మన పట్టణములలో అర్ధరాత్రి దాటినను అతిథులు వచ్చుచునే యుందురు. పదునొకండున్నరకు పుట్టి పండ్రెండుంబావుకు చెల్లిన బిల్లు ఏ దినమునకు చెందును? ఈ ప్రశ్నకు ముందుగా సమాధానము నిర్ణయించుకొనని హోటలులో ఒకనాడు లోటును, మరునాడు మిగులును కనబడుచునే యుండును. ఆ లోటు దొంగతనమును కాదు, ఆ మిగులు లాభమును కాదు.

పెండింగు బిల్లులన్నియు ఒక జాతివి కావు. అతిథి ఇంకను భుజించుచున్న బిల్లు ఒకటి. అతిథి చరవాణితో యూపీఐ ద్వారా సొమ్ము పంపి వెడలిపోయినను, రద్దీలో యంత్రమున ఎవ్వరును చెల్లు వ్రాయని బిల్లు రెండవది. సొమ్ము యజమాని బ్యాంకుఖాతాలో నుండును, బిల్లు బాకీగా నుండును. తిని చెప్పకుండ పోయినవాని బిల్లు మూడవది. నాల్గవది మిక్కిలి ప్రమాదకరమైనది: రెండు కాఫీల బిల్లును చెల్లు వ్రాయకుండ నుంచి, దానినే మరియొక బల్లపై రెండు కాఫీలు త్రాగినవారికి చూపి, రెండవ సొమ్మును జేబులో వేసికొనుట. ఈ నాల్గింటిని ఒకే అంకెలో కలిపి చూపు పట్టిక యజమానికి ఏమియు చెప్పజాలదు. మరచినవాడును, మోసగించినవాడును, మోసపోయినవాడును అందులో ఒక్క రూపమున కనబడుదురు.

ఇక అయిదవది మన ప్రాంతపు ప్రత్యేకత: ఖాతా. చేపల చెరువులు సాగుచేయువారికి చేతికి సొమ్ము వచ్చునది పట్టుబడి నాడు. అంతవరకు మేతకును, కూలికిని, భోజనమునకును అరువే ఆధారము. తాడేపల్లిగూడెము ఉల్లిపాయల బజారులో హమాలీలు, లారీవారు వారమున కొకసారి చెల్లించు వాడుక నెరుగనివారు లేరు. "అప్పు రేపు" అను పలక గోడకు వ్రేలాడుచున్నను, దాని క్రిందనే అప్పు పుస్తకముండును. ఈ వాడుకను మేము నిందింపము. అది నమ్మకముపై నిలిచినది. కాని ఖాతాదారుని బిల్లును నెలల తరబడి పెండింగులో నుంచుట తప్పు. అది ఆనాటి అమ్మకముగా మూసి, అతని పేరిట బాకీగా వ్రాయదగినది. మన పూర్వపు వర్తకులు దినవారీ చిట్టాను, పేరుపేరున ఆవర్జాను వేరువేరుగా నుంచిరి. ఏనాటి బేరము ఆనాటి చిట్టాలో నుండును. ఎవని బాకీ వాని ఆవర్జాలో నుండును. ఆ పాటి వివేకము నేటి యంత్రమునకు మనము నేర్పవలసియున్నది.

చట్టము కూడ ఈ భేదమును పాటించుచున్నది. జీఎస్టీ చట్టము ప్రకారము, గడువులోగా బిల్లు ఇచ్చిన పక్షమున, బిల్లు తేదీ, సొమ్ము అందిన తేదీ - ఈ రెండింటిలో ఏది ముందైన ఆనాడే పన్నుబాధ్యత కలుగును. కనుక అరువు బిల్లునకు సొమ్ము రాలేదను కారణమున పన్ను వాయిదాపడదు. రెండువందల రూపాయలకు లోబడిన బిల్లును, రిజిస్టరుకాని కొనుగోలుదారు అడుగనప్పుడు, విడిగా ఇయ్యకుండుటకు వీలు గలదు. కాని అట్టి అమ్మకములకు ప్రతిదినము చివర ఒక మొత్తపు బిల్లు వ్రాయవలెను. ఇడ్లీ, కాఫీల బేరమునకు లెక్క అక్కరలేదనుట ఇందువలన చెల్లదు. యంత్రములో లెక్కలుంచువారు దిద్దిన ప్రతి పద్దునకును, తొలగించిన ప్రతి పద్దునకును జాడ నిలుపవలెనని నిబంధనలు శాసించుచున్నవి. 2017 నవంబరు 15 నుండి సాధారణపు హోటళ్లలో భోజనముపై పన్ను నూటికి అయిదు. ఈ అయిదును అతిథి ప్రభుత్వమునకని ఇచ్చుచున్నాడు. పన్నుతో కూడ సొమ్ము పుచ్చుకొని, రాత్రివేళ ఆ బిల్లును పెండింగుగా చూపి తుడిచివేయువాడు ప్రభుత్వమును మాత్రమే కాదు, తన యింట భుజించినవానిని వంచించుచున్నాడు.

అయితే మా మనస్సును మిక్కిలి కలచునది పన్ను కాదు, సర్వరు జీతము. పెండింగు బిల్లుల మొత్తమును నెలాఖరున సర్వరు కూలినుండి కోసివేయు ఆచారము హోటళ్లలో లేదని ఎవ్వరును అనజాలరు. ఇది న్యాయమా? వేతనముల స్మృతి 2019లో శాసనమై 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. పనివాడు లెక్క చెప్పవలసిన సొమ్ము పోయి, ఆ నష్టము సూటిగా అతని నిర్లక్ష్యమువలననో తప్పువలననో కలిగినదైననే జీతమున కోత విధింపవచ్చును. కోత నష్టమును మించరాదు. అంతకుముందు అతనికి సంజాయిషీ చెప్పుకొను అవకాశ మీయవలెను. అన్ని కోతలును కలిసి జీతములో సగమును దాటరాదు. 1936 నాటి వేతనచట్టము కూడ సంజాయిషీ వినకుండ ఇట్టి కోత కూడదనియే చెప్పియుండెను. యూపీఐ సొమ్ము తన ఖాతాలో పడియున్నదో లేదో చూడని యజమాని, సర్వరు నిర్లక్ష్యమును ఏ ముఖముతో నిరూపించును? పట్టిక స్పష్టముగా లేనిచోట నేరము బలహీనునిపై పడును. లెక్కల అస్పష్టత యెప్పుడును బీదవాని ఖర్చుతోనే సాగుచుండును.

పరిహారము సులభము. ప్రతిరాత్రియు ఒక సమీకరణము సరిపోవలెను: నిన్నటి పెండింగును, నేటి కొత్త బిల్లులును కలిపినచో, అది నేడు చెల్లినవి, రద్దయినవి, ఖాతాకెక్కినవి, ఇంకను పెండింగులోనున్నవి - ఈ నాల్గింటి మొత్తమునకు సమానము కావలెను. ఊహకు ఒక లెక్క చెప్పుదుము. నిన్నటి పెండింగు 6 బిల్లులు, 2,400 రూపాయలు. నేటివి 180 బిల్లులు, 36,000 రూపాయలు. వెరసి 186 బిల్లులు, 38,400 రూపాయలు. ఇందులో చెల్లినవి 171, వాని సొమ్ము 33,900. రద్దయినవి 3, వాని సొమ్ము 500. ఖాతాకెక్కినవి 5, వాని సొమ్ము 1,800. మిగిలిన పెండింగు 7, వాని సొమ్ము 2,200. బిల్లులును సరిపోయినవి, రూపాయలును సరిపోయినవి. చెల్లిన 33,900 రూపాయలలో రొక్కమెంత, యూపీఐ ఎంత, కార్డు ఎంత యని విడదీసి, గల్లాతోను బ్యాంకుతోను పోల్చవలెను. మిగిలిన ఏడు బిల్లులకును సంఖ్య, బల్ల, పుట్టిన వేళ, వ్రాసిన సర్వరు పేరు ఉండవలెను. రద్దయిన మూడింటికిని కారణమును, రద్దుచేసినవాని పేరును ఉండవలెను. దినము ఏ గంటకు ముగియునో ఒకమారు నిర్ణయించి, మరల మార్చకుండవలెను.

చిన్న హోటలువానికి ఇంత తీరిక యెక్కడిదని కొందరందురు. ఒక్క పుట, పది నిమిషములు చాలును; యంత్రము లేనివాడు నోటుపుస్తకములోనే వ్రాసికొనవచ్చును. ప్రక్కవాడు దాచుచుండగా మేమేల చూపవలెనని మరికొందరందురు. అమెరికాలోని డేటన్ నగరమున పానశాల నడపిన జేమ్సు రిట్టి, గల్లాసొమ్ము మాయమగుచుండగా సహింపక, సోదరునితో కలిసి 1879లో నగదుయంత్రమునకు పేటెంటు పొందెను. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రము, యంత్రములనే వంచించి బిల్లులను మాయముచేయు విద్య పెరుగగా, 2011 నవంబరునుండి ఆహారశాలలలో అమ్మకములను నమోదుచేయు ప్రత్యేక పరికరమును తప్పనిసరి చేసినది. స్వయముగా లెక్క నుంచుకొననివానికి ఇతరులు లెక్క నేర్పుదురు. ఆ నేర్పు మెత్తగా నుండదు.

మన హోటలు యజమానులు ఆ దినము వచ్చువరకు వేచియుండరాదని మా మనవి. పట్టణములలోని హోటలు సంఘములు రాత్రిలెక్కకు ఒక నమూనాపుటను తయారుచేసి సభ్యులకు పంచవలెను. సర్వరులు తాము తెరచిన బిల్లుల జాబితాను ప్రతిరాత్రి చూచుకొని, యజమానిచే సంతకము చేయించుకొనవలెను. అతిథులు సొమ్ము చెల్లించిన పిమ్మట చెల్లిన బిల్లును అడిగి పుచ్చుకొనవలెను. అన్నము పెట్టు వృత్తి మన దేశమున గౌరవము గలది. ఆ గౌరవము వడ్డనలోనే కాదు, వడ్డించినవాని కూలిలోను, వ్రాసిన పద్దులోను నిలువవలెను.