మామూలు కాదు, లంచం

సోలాపూర్ తూర్పు భాగంలో, అశోక్ చౌక్ చుట్టుపక్కల గల్లీల్లో నడుస్తుంటే మహారాష్ట్రలో ఉన్నామన్న సంగతే మరచిపోతాం. లోపల పవర్‌లూమ్‌ల చప్పుడు, గడపల దగ్గర ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు, వాళ్ల నోట తెలుగు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు వైపు నుంచి తరాల కింద బతుకుదెరువుకు వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఇవి.

ఆ గల్లీలో ఒక అక్క తన బిడ్డ కాలేజీ సీటు కోసం క్యాస్ట్ వ్యాలిడిటీ కాగితానికి తిరిగిన కథ చెప్పింది. "ఫైలు మీద వజన్ పెట్టుమన్నడు అయ్యగారూ. వజన్ అంటే మాకు తెల్వదా?" అని నవ్వింది. వజన్ అంటే బరువు. కాగితం గాలికి ఎగిరిపోకుండా పెట్టే బరువు. ఆమె పెట్టిన బరువు వేల బీడీల కూలి. ఆమె నవ్వితే మేమూ నవ్వాం. బయటికి వచ్చాక సిగ్గుపడ్డాం.

లంచానికి మనం ఎన్ని ముద్దుపేర్లు పెట్టుకున్నాం! తెలుగులో ఆమ్యామ్యా, చేయి తడపడం, బల్లకింద చేయి. మరాఠీలో చిరిమిరి, చహాపాణీ, హప్తా. చాయ్ అంటే మర్యాదలా వినిపిస్తుంది, ఆమ్యామ్యా అంటే పసిపిల్ల మాటలా వినిపిస్తుంది. ఒక్కదానిలోనూ దొంగతనం వినిపించదు. అన్నిటికంటే ఘోరమైన పేరు 'మామూలు'. అంటే ఎప్పుడూ ఉండేదే, ఇందులో వింతేమీ లేదని అర్థం. పేదవాడి కూలి లాక్కోవడానికి మన భాష ఇచ్చిన ఆమోదముద్ర అది.

ఇవి ఉత్త సరదా మాటలు కావు. వీటికి ఒక పని ఉంది. అవినీతి కేసులో నేరం నిలబడాలంటే అధికారి లంచం అడిగాడనీ, తీసుకున్నాడనీ రుజువు కావాలి. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ సంగతి మళ్లీ చెప్పింది. నేరుగా సాక్ష్యం లేకపోతే పరిస్థితులను బట్టి కూడా రుజువు చేయవచ్చని అదే తీర్పులో అన్నది. "ఐదు వేలు ఇవ్వు" అన్నవాడు దొరికిపోతాడు. "వజన్ పెట్టు" అన్నవాడు "నేను డబ్బు అడగలేదు" అని తప్పించుకోజూస్తాడు. కాబట్టి ఈ ముద్దుపేరు తీసుకునేవాడికి డాలు. అది వాడిన ప్రతిసారీ ఆ డాలును మనమే వాడి చేతికి అందిస్తున్నాం.

ఈ వాత ఎవరికి పడుతోందో చూడండి. మహారాష్ట్రలో ఓబీసీ, ప్రత్యేక వెనుకబడిన తరగతుల వారు 1967 అక్టోబరు 13 నాటికే తమ కుటుంబం ఆ రాష్ట్రంలో ఉన్నట్టు చూపాలి. మగ్గం మీద బతికిన తాత బడికి పోలేదు. అద్దె గదిలో ఉన్నవాడికి ఆస్తి పత్రం ఉండదు. న్యాయంగా రావలసిన కాగితమే, కానీ ఆధారం తక్కువున్నవాడి దగ్గరే చేయి చాపుతారు. వలసవాడి బలహీనతే దళారికి పెట్టుబడి. పై స్థాయిలోనూ తేడా లేదు. 2022లో సోలాపూర్ జిల్లా పరిషత్ విద్యాధికారినే 25 వేల రూపాయల లంచం కేసులో ఏసీబీ పట్టుకుంది.

"ఇవ్వకపోతే పని జరగదు కదా పాస్టర్ గారూ" అంటారు. ఆ అక్కను మేము నిందించం. ఆమె దోపిడీకి గురైంది. చట్టం కూడా ఈ తేడా చూస్తుంది. 1988 నాటి అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించాక లంచం ఇచ్చినవాడికీ ఏడేళ్ల వరకు జైలు ఉంది. కానీ బలవంతం మీద ఇచ్చినవాడు ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేస్తే రక్షణ ఉంది. వరుస దాటడానికి, అర్హత లేని పోస్టు కొనడానికి ఇచ్చేవాడికి ఆ సాకు లేదు.

వాక్యం ఈ విషయంలో నీళ్లు నమలదు. ద్వితీయోపదేశకాండము పదో అధ్యాయం దేవుడు లంచం పుచ్చుకోడని చెప్పి, మరుసటి వచనంలోనే తండ్రిలేనివారిని, విధవరాలిని, పరదేశిని తలుస్తుంది. లంచం ఎవరిని నలుపుతుందో మోషేకు తెలుసు. పౌలు డబ్బిస్తాడని ఫేలిక్సు ఆశపడ్డాడు, మాటిమాటికి పిలిపించుకున్నాడు. అపొస్తలుడు రెండేళ్లు బంధకాల్లోనే ఉన్నాడు, కానీ చేయి తడపలేదు.

మరి మన సంఘం? మన సంస్థల్లో టీచరు పోస్టుకు తీసుకునేదానికి 'డొనేషన్' అని పేరు. కమిటీ ఎన్నికల్లో పంచేదానికి 'ఖర్చులు' అని పేరు. బదిలీ ఆపించుకోవడానికి పెద్దల ఇంటికి మోసేదానికి 'కానుక' అని పేరు. బలిపీఠం ముందు పెట్టే మాటనే దొంగసొమ్ముకు తొడిగాం! పరిశుద్ధాత్మ వరాన్ని డబ్బిచ్చి కొనబోయిన సీమోనును పేతురు ముఖం మీదే గద్దించాడు. పదవులు అమ్ముకునే పాపానికి ఆదిమ సంఘం తర్వాతి తరాలు ఆ సీమోను పేరే పెట్టాయి. వాళ్లకు ముద్దుపేరు దొరకక కాదు, అక్కర్లేక.

యౌవనులారా, మీరు మొదలుపెట్టండి. ఇంట్లో, ఆఫీసులో, సంఘ కమిటీలో లంచాన్ని లంచం అనే పిలవండి. "వజన్ అంటే ఎంత సార్, దేనికి సార్?" అని నలుగురి ముందు గట్టిగా అడగండి. ఆఫీసుకు ఏ అక్కనూ ఒంటరిగా పంపకండి, ఇద్దరు చదువుకున్నవాళ్లు తోడు వెళ్లండి. మహారాష్ట్రలో 2015 సేవా హక్కు చట్టం కింద ప్రకటించిన ప్రతి సేవకూ గడువు ఉంది, గడువు దాటితే అప్పీలు ఉంది. అక్కడా తెలంగాణలోనూ ఏసీబీ నంబరు 1064. ఆ నంబరు చర్చి గోడ మీద, ఆరాధన వేళల పక్కనే రాయండి.

ఈసారి ఆ గల్లీకి వెళ్లినప్పుడు మేము నవ్వం. ఆ అక్క పక్కన నడిచి ఆఫీసు దాకా వెళ్తాం.