మా తీర్మానాలు మేమే రాసుకుంటాం

జనవరి ఒకటో తారీఖు దగ్గరపడుతుంటే మా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ మా చేతిలో ఒక తీర్మానం పెట్టి పోతున్నారు. మాకు తొలి కాన్పు, ఏడో నెల. పెళ్ళయిన పదకొండేళ్ళకు, మాలో ఒకరికి నలభై దాటాక, ఇంకొకరికి నలభై దగ్గరపడ్డాక నిలిచిన కడుపు. అందుకని సలహాలకు కొదవ లేదు. సిగరెట్టు మానెయ్యమన్నారు. మానేశాం, ఇప్పటికి రెండుసార్లు. డ్యూటీ దిగి అర్ధరాత్రి ఇల్లు చేరడం తగ్గించమన్నారు. బిడ్డ పేరున పోస్టాఫీసులో నెలకింత వెయ్యమన్నారు. వంటింటి కప్పు కురుస్తోంది, వానల్లోపు బాగుచేయించమన్నారు. ఇవన్నీ ఎవరైనా ఎవరికైనా చెప్పే మాటలు. వీటితో మాకు పేచీ లేదు.

మా పేచీ ఇంకో రకం తీర్మానాలతో. అవి తల్లిదండ్రులు కాబోయేవాళ్ళకు ఇచ్చేవి కావు, ముసల్మానులు కాబట్టి ఇచ్చేవి. బిడ్డ ఇంకా భూమ్మీద పడలేదు, అప్పుడే దాని తరఫున సంజాయిషీ రాసిమ్మంటున్నారు. ఇటు దేశానికీ, అటు ఖౌముకీ.

మొన్న స్కానింగుకు వెళితే చీటీ రాసే ఆమె తలెత్తకుండానే "ఎన్నో కాన్పమ్మా, నాలుగోదా, ఐదోదా?" అంది. మొదటిదన్నాం. అప్పుడు తలెత్తి చూసింది. "మీవాళ్ళలో ఇంత లేటా!" అని ఆశ్చర్యపోయింది. ఆమె చెడ్డమనిషి కాదు. లోపల గుండె చప్పుడు వినపడగానే మాకంటే ముందు నవ్వింది ఆమే. మా బాధంతా అక్కడే ఉంది. చెడ్డమనిషయితే నాలుగు తిట్టి వచ్చేవాళ్ళం. మంచివాళ్ళ నోట్లోకి కూడా ఈ మాట ఎక్కడినుంచి వచ్చింది? పదకొండేళ్ళు ఒక్క బిడ్డ కోసం ఆస్పత్రుల చుట్టూ తిరిగిన మమ్మల్ని చూసినా, మా పేరు వినగానే ఆమె కళ్ళ ముందు నలుగురు పిల్లలు ఎందుకు వరసగా నిలబడ్డారు?

లెక్కలు కావాలంటే లెక్కలే చెబుతాం. 1992-93 నాటి మొదటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ముస్లిం స్త్రీకి సగటున 4.4 మంది పిల్లలు, హిందూ స్త్రీకి 3.3. 2019-21 నాటి ఐదో సర్వేకు వచ్చేసరికి ముస్లిం స్త్రీకి 2.36, హిందూ స్త్రీకి 1.94. ముప్ఫై ఏళ్ళలో ఎవరిలో ఎక్కువ తగ్గిందో తీసివేతలు వచ్చిన ఏ పిల్లవాడైనా చెబుతాడు. అయినా "ఒక్కరితో ఆపేస్తామని ఈ ఏడాది ఒట్టు పెట్టుకోండి" అని పక్క ఫ్లాటాయన మాకు చెబుతాడు. ఆయనకు ముగ్గురు.

ఇంతలో ఇంకో విచిత్రం. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, జనాభాలో ముసలివాళ్ళు పెరిగిపోతున్నారు, పిల్లల్ని ఎక్కువమందిని కనండి అని పిలుపిచ్చారు. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళు స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న నిబంధనను నవంబరులో అసెంబ్లీ ఎత్తేసింది. మంచిదే. కానీ ఆ పిలుపు విని మా బస్తీలో ఒకామె మూడో బిడ్డను కంటే దాన్ని రాష్ట్రానికి సేవ అంటారా, జనాభా కుట్ర అంటారా? ఒకే పని ఒక ఇంట్లో దేశభక్తి, ఇంకో ఇంట్లో దేశద్రోహం ఎలా అవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పినవాళ్ళ దగ్గర మేం ఎన్ని తీర్మానాలైనా చేస్తాం.

ఇక లౌకిక మిత్రుల సంగతి. వీళ్ళు మా సొంతమనుషులు. కలిసి ఊరేగింపుల్లో నడిచినవాళ్ళం, ఒకే కంచంలో తిన్నవాళ్ళం. అందుకే వాళ్ళతోనే గట్టిగా మాట్లాడాలి. ఒక మిత్రుడు ప్రేమగా భుజం మీద చెయ్యేసి అన్నాడు: "అన్నా, పేరు మాత్రం అటూఇటూ కాకుండా పెట్టండి. రేపు స్కూల్లో, ఉద్యోగంలో, అద్దెకు ఇల్లు వెతుక్కునేటప్పుడు ఇబ్బంది ఉండదు." అటూఇటూ కాని పేరంటే ఏమిటి మిత్రమా? విన్నవాడికి ముసల్మాను అని తెలియని పేరు. నీ కూతురికి వైష్ణవి అని పెట్టుకున్నప్పుడు అది అటా, ఇటా అని మేం అడిగామా? దాచుకోవలసిన అవసరం మాకే ఎందుకు వచ్చింది? ఇల్లు ఇవ్వననేవాడు మారాలని తీర్మానం చెయ్యవలసింది పోయి, ఇల్లు దొరకనివాణ్ణి పేరు మార్చుకోమంటారా? మాకు ఈ ఫ్లాటు దొరికేలోగా తొమ్మిది ఇళ్ళు చూశాం. ఆరు చోట్ల పేరు చెప్పేవరకూ ఖాళీగానే ఉన్నాయి. చెప్పగానే "నిన్ననే అడ్వాన్సు ఇచ్చారండీ" అన్నారు. దీనికి పుట్టబోయే బిడ్డ చేసిన తప్పేమిటి?

అసలు పేర్ల గురించి ఈ నేలకు మనం పాఠం చెప్పాలా? దస్తగిరి, మస్తాన్‌వలీ, నాగుల్‌మీరా, సైదులు, హుసేనమ్మ, పీరమ్మ, లాల్‌బీ. ఈ పేర్లు ఏ అరబ్బు దేశంలో పెడతారు? దస్తగిరి అంటే బాగ్దాదు గౌసె ఆజం. నాగుల్‌మీరా అంటే నాగూరు దర్గా షాహుల్ హమీద్. మస్తానంటే నెల్లూరు జిల్లా కసుమూరు గుర్తుకొస్తుంది. సైదులంటే జాన్‌పహాడ్. మొక్కుకుని కన్న పిల్లలకు మస్తానయ్య, సైదమ్మ, హుసేనప్ప అని పెట్టుకున్న హిందువులు పల్లెపల్లెనా ఉన్నారు. రెండువైపులా పనికొచ్చే పేర్లు మా తాతలు ఎప్పుడో తయారుచేసి ఉంచారు. వాటికి లౌకికవాదమని పేరు పెట్టలేదు, అంతే. కానీ ఇవాళ ఆ పేర్లు మీకూ మొరటు, మాకూ మొరటు.

మాకూ మొరటని ఊరికే అనలేదు. ఇప్పుడు ఇంటి సంగతికొద్దాం. మాలో ఒకరిది ఉర్దూ మాట్లాడే ఇల్లు. ఇంకొకరిది దూదేకుల ఇల్లు, తరాలుగా తెలుగే మాట్లాడే ఇల్లు. మా పెళ్ళప్పుడు బయటి మతంవాళ్ళ కంటే మావాళ్ళే ఎక్కువ గొడవ చేశారు. "నమాజు చదువుతారు సరే, జబాన్ లేదు కదా" అన్నారు ఒకవైపు పెద్దలు. జబాన్ లేకపోవడమేమిటి, తెలుగు జబాన్ కాదా? సయ్యదులకు, పఠానులకు పిల్లనిచ్చేటప్పుడు అడగని వంశవృక్షం దూది ఏకేవాళ్ళ దగ్గర ఎందుకు అడిగారు? ఇస్లాంలో కులం లేదని మైకు పట్టుకుని చెప్పే పెద్దమనుషులే వలీమాలో మా అత్తగారి తరఫువాళ్ళకు వెనక వరస చూపించారు. ఇప్పుడు అదే పెద్దలు బిడ్డ పేరుకు ముందు ఏదైనా గొప్ప ఇంటిపేరు తగిలిస్తే బాగుంటుందని సలహా ఇస్తున్నారు. ఆ సలహా మేం తీసుకోం. రాసుకోండి, ఇది మా మొదటి తీర్మానం.

ఇక దీన్ నేర్పడానికి వచ్చే సోదరుల తీర్మానాలు. జనవరి ఒకటి మనది కాదన్నారు, మన సంవత్సరం మొహర్రంతో మొదలవుతుందన్నారు. ఒప్పుకున్నాం. మా కాలెండరు ఎవరి పుట్టుకతోనో, ఏ రాజు పట్టాభిషేకంతోనో మొదలు కాలేదు. 622లో ప్రవక్త మక్కా వదిలి మదీనాకు వెళ్ళిన హిజ్రత్‌తో మొదలయింది. ఇల్లు వదిలి వెళ్ళవలసి వచ్చిన మనుషుల లెక్క అది. మొదటి పది రోజులు కర్బలా దుఃఖం. కాబట్టి మాకు కేకు కోసుకునే సంవత్సరాది లేదు. మా ఊళ్ళో మొహర్రమంటే పీర్లు, అలావా చుట్టూ ఆట, మలీదా, షర్బత్. పీరెత్తుకునేవాళ్ళలో సగంమంది గౌడులూ మాదిగలూ మంగళ్ళూ. ఈ మాట చెప్పగానే ఆ సోదరుడు "తోబా, అది షిర్క్" అన్నాడు. జనవరి ఒకటి వద్దు, అది నసారాలది. పీర్ల పండుగ వద్దు, అది షిర్క్. పీరమ్మ పేరు వద్దు, అది జాహిలియత్. మరి మాది ఏది భయ్యా? మా నానీ ఇంట్లో ఉన్నది ఏదీ మాది కాకపోతే, నీ సంచీలోంచి తీసి ఇచ్చిందే మాదవుతుందా?

ఇంకా ఉంది. రంజాన్ తొమ్మిదో నెలలో పడుతోంది. "ఈ ఒక్కసారి ధైర్యం చేసి అన్ని రోజాలూ ఉండు, పిల్లాడు సాలెహ్ అవుతాడు" అని ఒక ఆపా చెప్పి వెళ్ళింది. రోగికి, బాటసారికి ఖురానే వెసులుబాటు ఇచ్చింది. ఒంట్లోకో బిడ్డకో ప్రమాదమనుకుంటే గర్భిణీ పాలిచ్చే తల్లీ రోజా వాయిదా వేసుకోవచ్చని ఫిఖా తెలిసినవాళ్ళూ చెప్పారు. అల్లా ఇచ్చిన సులువును ఆపా ఎందుకు వెనక్కి తీసుకుంటోందో మాకు అర్థం కాలేదు. బీపీ చూసి డాక్టరమ్మ వద్దంది. ఉండం. ఇది రెండోది.

అఖీఖా లెక్క కూడా చెప్పారు. కొడుకైతే రెండు మేకలు, కూతురైతే ఒకటి. ఆనవాయితీ అదేనని మాకూ తెలుసు. దాని వెనకున్న హదీసుల మీద మాట్లాడేంత విద్య మాకు లేదు. కానీ మేం కొనగలిగేది ఒక్క మేకనే. కొడుకు పుట్టినా, కూతురు పుట్టినా ఒక్కటే. వెంట్రుకల తూకం వెండి విలువ మాత్రం ఎవరు పుట్టినా సదఖా ఇస్తాం. (కోత పెట్టి తీసేటట్టయితే శుక్రవారమే తీయించమని అడిగిన బంధువు కూడా ఉన్నాడు. ఐదో సర్వే లెక్కన తెలంగాణలో నూటికి 60 కాన్పులు కోతతోనే అవుతున్నాయి. ముహూర్తం చూసే పంతులుగారిని ఎగతాళి చేసే మేమే శుక్రవారం అడిగితే ఎలా?)

ఇప్పటివరకు చెప్పినవి మాటలు. విని వదిలెయ్యొచ్చు. వదిలెయ్యలేనిది ఒకటుంది. డిసెంబర్ 31 అంటే అందరికీ పాత సంవత్సరం పోయే రాత్రి. మాకు అది చట్టంలో ఒక తేదీ కూడా. 2019 డిసెంబరులో చేసిన పౌరసత్వ సవరణ ప్రకారం పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్‌ల నుంచి 2014 డిసెంబర్ 31లోపు వచ్చిన హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకు, జైనులకు, పార్సీలకు, క్రైస్తవులకు దారి ఉంది. ఆ వరసలో ముసల్మాను లేడు. "మీరు ఎక్కడినుంచీ రాలేదు కదా, మీకేం భయం?" అంటారు. భయం ఎందుకో చెబుతాం, కాస్త ఓపికపట్టండి.

1987 జులై 1కి ముందు ఈ దేశంలో పుట్టినవాళ్ళకు పుట్టుకే చాలు. ఆ తర్వాత పుట్టినవాళ్ళకు అమ్మానాన్నల్లో ఒకరు పౌరులై ఉండాలి. 2004 డిసెంబర్ 3 నుంచి పుట్టినవాళ్ళకు ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై రెండోవారు అక్రమంగా వచ్చినవారు కాకూడదు. మాలో ఒకరు 1987 జులైకి ముందు పుట్టారు, ఇంకొకరు తర్వాత పుట్టారు. అంటే మా బిడ్డ సంగతి మా ఇద్దరి మీద ఆధారపడింది. మాలో రెండోవారి సంగతి వాళ్ళ అమ్మానాన్నల మీద ఆధారపడింది. నాన్న పోయి ఇరవై ఏళ్ళయింది, ఆయన కాగితాలు ఇల్లు కూలినప్పుడు వానలో పోయాయి. ఆ అమ్మ రేషన్ కార్డులో హుసేన్‌బీ, ఓటరు కార్డులో హుస్సేనమ్మ, పొలం పాసుబుక్కులో ఉసేనమ్మ. పుట్టిన తేదీ లేదు. బడికి పోలేదు కాబట్టి పంతులు వేసిన తేదీ కూడా లేదు. ఆ మూడు పేర్లూ ఆమె పెట్టుకున్నవి కావు, మూడు ఆఫీసుల గుమాస్తాలు తమ చెవికి వినపడినట్టు రాసుకున్నవి. అస్సాంలో 2019 ఆగస్టులో జాబితా వేస్తే 19 లక్షల మంది బయట మిగిలారు. 2025లో బీహార్ ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణలో అడిగిన కాగితాలు కూడా దాదాపు ఈ తేదీల గీతల ప్రకారమే. అలాంటి జాబితా మా గడప దాకా వస్తుందో రాదో తర్వాతి సంగతి. వస్తే ఒక అక్షరం తేడాకు మా బిడ్డ ఏమవుతుంది? ఇది హిందూ పేదలకు కూడా ఉన్న బాధే కదా అంటారు లౌకిక మిత్రులు. నిజమే. సంచారజాతుల మనిషికి, అడవిలో పుట్టిన గోండు బిడ్డకు ఏ కాగితం ఉంది? కానీ "నువ్వు ఎక్కడివాడివి" అన్న ప్రశ్న వాళ్ళను ఆఫీసులోనే అడుగుతారు. మమ్మల్ని బస్సులో కూడా అడుగుతారు.

అందుకే మూడో తీర్మానం, మాకు ఇష్టం లేకపోయినా, కాగితాలదే. 2023 అక్టోబరు నుంచి కొత్తగా పుట్టే బిడ్డలకు బడికీ, ఓటుకూ, పాస్‌పోర్టుకూ, సర్కారు కొలువుకూ జనన ధ్రువపత్రమే ఆధారం. 21 రోజుల్లో నమోదు చేయించాలి. చేయిస్తాం. ఇరవయ్యో రోజు దాకా ఆగం. మా పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయిస్తాం, గుమాస్తా పక్కనే నిలబడి ఒకటికి రెండుసార్లు చదివిస్తాం. అమ్మ మూడు పేర్లూ ఒకరివేనని అఫిడవిట్ చేయించడానికి వచ్చే సోమవారం ఆమెను తీసుకుని తహసీల్ ఆఫీసుకు వెళుతున్నాం. ఏడో నెల మనిషికి ఎర్రబస్సు ప్రయాణం వద్దని డాక్టరమ్మ అంది కాబట్టి ఒకరే వెళతాం. సత్వాసాకు దాచిన డబ్బులోంచి కారు ఖర్చు తీస్తున్నాం. పూలూ, పచ్చ చీరా తగ్గుతాయి. ఇది దేశానికి రుజువు చూపించడానికి కాదు. ఎవరైనా అడిగితే బిడ్డ వెతుక్కోనక్కర్లేకుండా ఉండడానికి.

బడి దరఖాస్తులో మాతృభాష గడి వస్తుంది. ఒక్కటే గడి. తల్లి భాష తెలుగు, తండ్రి భాష ఉర్దూ. ఏది రాసినా ఒక నానీకో ఒక దాదీకో అన్యాయం. రెండూ ఆ చిన్న గడిలోనే ఇరికించి రాయాలనుకుంటున్నాం. గుమాస్తా కొట్టేస్తే మళ్ళీ రాస్తాం.

పేరు దగ్గర మాత్రం మేమిద్దరం ఇంకా పోట్లాడుకుంటూనే ఉన్నాం. ఆడపిల్లయితే హుసేనమ్మ అని పెడదామని ఒకరు. ఆ పేరు మోసుకుని ఇంగ్లీషు బడిలో కూచునేది నువ్వా, అది కదా, దాన్ని అడిగావా అని ఇంకొకరు. నిన్న రాత్రి కూడా అన్నం చల్లారేదాకా ఇదే గొడవ. అమ్మ పక్కగదిలోంచి అంతా విని, "నా పేరు నాకే మూడు రకాలుగా ఉంది, నాలుగోది ఎందుకురా" అంది. పేరు లేకుండా కూడా నమోదు చేయించవచ్చు. ఏడాదిలోపు పేరు రాయించుకుంటే రుసుం కూడా లేదు. అందాకా ఆ గడి ఖాళీగానే ఉంటుంది.